గుల్వెన్ అత్తలకు ఒంట్లో బాగాలేదు

మా రేవులో చిన్న మోటారు పడవలు అద్దెకిచ్చే గుల్వెన్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. తన పడవలకు జబ్బు చేసిందంటాడు. అవి కూడా మనుషులకు వచ్చే జబ్బులే. తలనొప్పి, జలుబు, కడుపుబ్బరం, మనసు బాగాలేకపోవడం. ఇంజను చెడిపోయిందనో, అడుగున చిల్లు పడిందనో ఒక్కనాడూ అనడు. నీళ్ళమీద నిక్షేపంగా ఊగుతున్న పడవను చూపించి, "పాపం, రాత్రంతా కంటిమీద కునుకు లేదండీ దీనికి" అంటాడు. సెలవులకొచ్చిన జనం ఆ పడవ వంకా ఇతని వంకా మార్చి మార్చి చూస్తారు.

ఉన్నవి మూడు పడవలు. మూడింటికీ తన మేనత్తల పేర్లు పెట్టుకున్నాడు. నీలంరంగుది కటెల్ అత్త, ముక్కుమీద కోపం. ఎర్రది సోయిజిగ్ అత్త, అన్నిటికీ ఆత్రం. పాత చెక్కపడవ అన్నాయిగ్ అత్త, మహా నెమ్మది. ఆ ముగ్గురూ చిన్నప్పుడు తనని పెంచారు కాబట్టి ప్రేమకొద్దీ పెట్టుకున్నాడని ఊరంతా అంటుంది. పగ తీర్చుకోవడానికి పెట్టాడని కటెల్ అత్త అంటుంది. ముగ్గురిలో ఆవిడొక్కతే మిగిలింది, కనక ఆవిడ మాటకు ఎదురుచెప్పే అత్త లేదు.

నాది ఆ పక్కనే అట్ల దుకాణం. గుల్వెన్‌వి లైసెన్సు అక్కర్లేని చిన్న పడవలు కావడంతో, ఎవరికి వాళ్ళు నడుపుకుంటూ మా అఖాతంలోని దీవులకు పోతారు. పోయేవాళ్ళు నా దగ్గర బుట్ట కట్టించుకుంటారు. అట్లు, పంది మాంసం, వెన్న కేకు, ఆపిల్ సారా సీసా. గుల్వెన్ అత్తకు ఎప్పుడు జలుబు చేస్తే అప్పుడు నా బుట్ట వెనక్కి వచ్చేది. ఆగస్టులో ఆ అత్తలకు పట్టినన్ని రోగాలు పెద్దాసుపత్రిలో కూడా ఉండవు. నా అట్లు నేనే తిని నేను లావెక్కాను.

ఒక పొద్దున నలుగురు కుర్రాళ్ళు పాటలు పాడుకుంటూ వచ్చారు. ఎండింకా ఎక్కకముందే వాళ్ళకు సారా ఎక్కింది. సోయిజిగ్ అత్తకు వాంతులవుతున్నాయన్నాడు గుల్వెన్. పడవకు వాంతులేమిటని వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. మీరు నవ్వుతారు, దాన్ని కడిగేది నేను కదండీ అని ఇతను దిగాలుగా మొహం పెట్టాడు. పాపం ఆ కుర్రాళ్ళు అత్తను పరామర్శించి, త్వరగా కోలుకోవాలని దీవించి, పాడుకుంటూనే వెళ్ళిపోయారు. నిండా కట్టిన నా బుట్ట గట్టుమీదే ఉండిపోయింది.

ఇంకోసారి లోపలి ఊళ్ళ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, సముద్రం పోటుమీద ఉండగా తిరిగొచ్చి, పడవను గోడకొంకికి పొట్టిగా, బిగించి కట్టేసి భోజనానికి కూర్చున్నాడు. ఆటుకు నీళ్ళు దిగిపోతాయని ఆయనకెవరు చెప్పాలి? ఆయన కాఫీ తాగి వచ్చేసరికి సోయిజిగ్ అత్త గోడకు ఉట్టిలా వేలాడుతోంది. రేవంతా పోగైంది. ఆయన పెళ్ళాం నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. గుల్వెన్ పరుగున వచ్చి పడవనే కేకలేశాడు. ఈ వయసులో గోడలెక్కే బుద్ధేమిటి, ఆయన ఎంత మర్యాదగా కట్టి వెళ్ళారు, నలుగురిలో ఆయన పరువు తీశావు కదా అని. ఆ పెద్దమనిషి ముందు ఎర్రబడ్డాడు, తరవాత కాస్త నవ్వాడు, చివరికి తనూ పడవను ఒక మాట మందలించి వెళ్ళాడు.

అసలు అత్తతో వచ్చిన తంటా వేరు. ఒక ఆదివారం కటెల్ అత్త చేతికర్రతో చర్చినుంచి వస్తూ, కటెల్ అత్తకు మలబద్ధకమని గుల్వెన్ ఎవరికో చెప్పడం చెవులారా వింది.

"ఒరేయ్, నాకు మలబద్ధకమని రేవులో చాటింపు వేస్తున్నావట్రా?"

"నీకు కాదత్తా, పడవకి."

"పడవకి మలబద్ధకం ఏమిట్రా?"

"ఉదయాన్నించీ దాన్లోంచి పిసరంత పొగ కూడా రాలేదత్తా."

"అయితే దాని పేరు మార్చు."

"అడిగాను. అలిగింది. నీ పేరే కావాలంటోంది."

ఆవిడ కాసేపు ఆ నీలం పడవను కళ్ళు చిట్లించి చూసింది. తరవాత, రోజూ రెండు ఎండు ఆల్బకరా పళ్ళు నానబెట్టుకు తినమని దానికి చెప్పమంది. అప్పటికి నాకు ఇది ఇతనొక్కడి జబ్బు కాదు, ఇంటి జబ్బని అర్థమైంది.

ఇక అసలు కథ. ఆ ఆగస్టులో పెద్ద పోటు వచ్చిన రోజు, అంటే మా అఖాతంలో నీళ్ళు దీవుల సందుల్లోంచి ఏరులా లాగే రోజు, పొద్దున్నే రెజిస్ అనే ఒకాయన నా దుకాణానికి వచ్చాడు. సముద్రానికి దూరంగా ఉన్న లావల్‌లో కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన మనిషి. ముందురోజే కటెల్ అత్త పడవను అద్దెకు మాట్లాడుకున్నాడట. ఆవేళ మామగారి పుట్టినరోజు. మామగారు జోబ్, జీవితమంతా చేపల పడవ నడిపిన కెప్టెను. అల్లుణ్ణి పేరు పెట్టి పిలవడు, "అద్దాలబ్బాయి" అంటాడు. మామగారు పుట్టిన దీవికి తనే పడవ నడిపి, అందర్నీ భోజనానికి తీసుకెళ్ళాలని రెజిస్ కోరిక. ఇందుకోసం వేసవంతా లావల్ చెరువులో నేర్చుకున్నాడట, పెళ్ళానికి కూడా చెప్పకుండా.

"ఈ ఒక్కరోజు ఆయన నన్ను మనిషి కింద జమకడితే చాలండీ," అన్నాడు. "పెళ్ళయిన దగ్గర్నించీ ఆయన ఎదుట గ్లాసు ఎత్తినా ఒలకబోస్తాను నేను."

నాకు జాలేసింది. ఊళ్ళో అందరి కళ్ళూ చూసేవాడికి మామ కళ్ళలోకి చూసే ధైర్యం లేదు. వెన్న కేకు కాస్త పెద్దదే పెట్టాను.

కాసేపటికి జోబ్ వచ్చాడు, కూతురు సోలెన్‌నీ మనవరాలు ఎనోరానీ వెంటేసుకుని. ఎత్తయిన మనిషి, తెల్లగడ్డం, గొంతు మాత్రం తుఫానులో కూడా వినబడేలా ఉంది. నా గుమ్మం పక్కన కొయ్యకు ఆరేసిన ఏప్రన్‌కు టోపీ తీసి, "శుభోదయం తల్లీ" అన్నాడు. ఎంత సరసుడు అని నేను పగలబడి నవ్వాను. అది చూసి గుల్వెన్ నవ్వలేదు.

జోబ్ మెట్లు దిగి, "ఈవేళ నీళ్ళు గట్టిగా లాగుతాయి. అద్దాలబ్బాయి చేతికిస్తే రాళ్ళమీద పెడతాడు. చుక్కాని నేను పడతాను" అన్నాడు. అని కట్టుతాడు కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి తాడుకు బెత్తెడు దూరంలో మూసుకుంది. రెండోసారికి దొరికింది. రెజిస్ మొహం వాడిపోయింది. "అలాగే మామయ్యా" అని పక్కకు తప్పుకున్నాడు. వేసవంతా నేర్చుకున్నది ఆ రెండు మాటల్లో నీళ్ళపాలైంది.

అప్పుడు గుల్వెన్ తల గోక్కుంటూ ముందుకొచ్చాడు. ఆ గోకుడు నాకు తెలుసు.

"పెద్దాయనా, కటెల్ అత్త ఈవేళ లేవలేదండీ. నడుం పట్టేసింది."

జోబ్ అతన్ని పక్కకు తోసి ఇంజను తాడు లాగాడు. మొదటి లాగుడికే అందుకుని హాయిగా కూనిరాగం తీసింది.

"ఏదిరా నొప్పి?"

"వింటున్నారుగా ఎలా మూలుగుతోందో."

"నా జన్మంతా ఇంజను పక్కనే పడుకున్నానురా. ఇది మూలుగు కాదు, పాట."

"నొప్పి మరిచిపోవడానికి పాడుకుంటోందండీ."

రేవులో జనం నవ్వారు. జోబ్ నవ్వలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. తెల్లారకముందు లేచి కాల్చిన కేకది. గట్టు మీదినుంచే అరిచాను, ఈ బుట్ట కూడా వెనక్కి వస్తే అత్త పక్కనే నిన్నూ పడుకోబెడతానని.

గుల్వెన్ నా వంక ఒకసారి, రెజిస్ వంక ఒకసారి చూశాడు. తరవాత గట్టుమీద బోర్లా పడుకుని పడవ అంచుకు చెవి ఆనించాడు. "ఊఁ... ఊఁ... అలాగే అత్తా" అన్నాడు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"వస్తానంటోంది. కానీ నడుంనొప్పి కదా, చుక్కాని మెత్తటి చేతుల్లో ఉండాలట. కాయలు కాసిన చేతులు గుచ్చుకుంటాయట." అంటూ రెజిస్ చేతులవైపు వేలు చూపించాడు. "ఇంకోటి. దారిపొడుగునా కబుర్లు చెప్పాలట. ఏ రాయి ఎక్కడుంది, ఏ సందులో నీళ్ళు ఎటు లాగుతాయి, ఎవరెవరు ఎక్కడ బోల్తాపడ్డారు, అన్నీ. తెలిసినవాళ్ళే చెప్పాలి. చెప్పేవాళ్ళు చుక్కాని ముట్టుకోకూడదు, నడిపేవాళ్ళు ఎదురు మాట్లాడకూడదు, కళ్ళకు కనబడేది మాత్రం చెప్పాలి. లేదంటే సందు మధ్యలో కూర్చుండిపోతుందట."

జోబ్ గడ్డం నిమురుకున్నాడు. "ఈ అఖాతంలో రాళ్ళ సంగతి నాకంటే ఎవడికి తెలుసురా," అన్నాడు. పోయి రాజులా ముందు బల్లమీద కూర్చున్నాడు. రెజిస్ చుక్కాని పట్టుకున్నాడు. ఎనోరా లైఫ్ జాకెట్లన్నీ లాగి చూసి సరే అంది. పడవ కదిలింది.

అది మలుపు తిరగ్గానే, అన్నాయిగ్ అత్తకు గాలి మారితే జలుబు తగ్గుతుందని చెప్పి గుల్వెన్ ఆ చెక్కపడవలో వాళ్ళ వెనకాలే, కాస్త ఎడంగా పోయాడు. ఆవేళ అన్నం కూడా తినలేదు. తరవాత అతను చెప్పగా తెలిసింది, జోబ్ గొంతు నీళ్ళమీద కోసు దూరం వినబడిందట. "ఎడమకి తిప్పవోయ్, ముందు పందిరాయి ఉంటుంది." "కనబడుతోంది మామయ్యా, దాని మీద కొంగ కూర్చుంది." "కొంగ కూర్చుందంటే ఇంకా మునగలేదు. అయితే కుడివైపు పో." "పోతున్నాను మామయ్యా." నీళ్ళు ఏరులా లాగే ఆ సందులో మొదటిసారి వచ్చినవాళ్ళు కేకలు పెడతారు. వీళ్ళు కొంగ గురించి మాట్లాడుకుంటూ దాటేశారట.

సాయంత్రం పోటుతోపాటు తిరిగొచ్చారు. రెజిస్ పడవను గోడకు మెత్తగా, చప్పుడు కాకుండా ఆనించాడు. తాడు పొడుగ్గా వదిలి కట్టాడు. జోబ్ గట్టెక్కి రేవందరికీ వినబడేలా చెప్పాడు, తను దారి చెప్పకపోతే అందరూ రాళ్ళమీద ఉండేవాళ్ళని. టోపీ సర్దుకుని, "అయినా, మా రెజిస్ చెయ్యి మంచిదే" అన్నాడు. రెజిస్ తాడు ముడి విప్పి మళ్ళీ కట్టాడు. ఏం చెయ్యాలో తోచక కట్టాడు, నాకు తెలుసు. ఈలోగా గుల్వెన్ సోలెన్‌ని పక్కకు పిలిచి ఏదో మెల్లగా చెప్పాడు. ఆమె తండ్రి వంక చూసి తలూపింది.

అందరూ నా దుకాణానికే వచ్చారు. గుల్వెన్ మూల బల్ల దగ్గర చేరి పొద్దుటి ఆకలి కూడా కలిపి తినసాగాడు. నేను జోబ్ చేతికి అట్ల జాబితా కార్డు ఇచ్చాను. ఆయన అందుకుని, కనుబొమ్మలు ముడిచి, పైనుంచి కిందిదాకా గంభీరంగా చదవడం మొదలుపెట్టాడు. కార్డు తలకిందులుగా ఉంది.

నాకప్పుడు వెలిగింది. నా ఏప్రన్‌కు ఆయన శుభోదయం చెప్పింది సరసానికి కాదు. పెద్దాయనకు చూపు ఆనడం లేదు. ఆ మాట కళ్ళజోళ్ళు అమ్మే అల్లుడి ఎదుట ఒప్పుకోవడంకంటే సముద్రంలో దూకడం ఆయనకు సులువు. చుక్కాని ఇస్తే ప్రమాదం, ఇవ్వనంటే ఆయనకు తలవంపు. అందుకే అత్తకు నడుం పట్టేసింది. తాగొచ్చిన కుర్రాళ్ళ కోసం అత్తకు వాంతులయ్యాయి. పొట్టిగా కట్టిన పెద్దమనిషి కోసం అత్త గోడెక్కింది. ఇన్నేళ్ళూ ఆ రేవులో తప్పంతా పడవలదే, వచ్చినవాళ్ళు ఒక్కరు కూడా చిన్నబుచ్చుకుని వెళ్ళలేదు. మూలన కూర్చుని గడ్డానికి వెన్న పూసుకుంటున్న ఆ మనిషి మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టింది. బుట్టల సంగతి మాత్రం నేనింకా మరిచిపోలేదు.

కార్డును రెజిస్ కూడా చూశాడు. చూసి, కిటికీలోంచి పడవల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఉన్నవి మూడే అయినా చాలాసేపు లెక్కపెట్టాడు. ఎనోరా మాత్రం "తాతా, అది..." అంటూ నోరు తెరిచింది.

నేను చటుక్కున ఆయన చేతిలోంచి కార్డు తీసేసుకున్నాను.

"ఇలా ఇచ్చేయండి పెద్దాయనా. మా పెనం ఈవేళ అలిగి కూర్చుంది. ఇందులో రాసినవి ఒక్కటీ వేయనంటోంది. ఏమేం వేస్తానంటోందో నేను నోటితో చెబుతాను, వినండి."

జోబ్ హాయిగా వెనక్కి వాలి, చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. మూల బల్లనుంచి గుల్వెన్ తలెత్తి, పెనం వంక ఎంతో దిగులుగా చూశాడు.

"పాపం, ఎప్పట్నించి?" అన్నాడు.

"ఇప్పుడే మొదలైంది," అన్నాను.