కెప్టెన్ పిన్ని వంటింటి కిటికీ

మా పిన్ని ఎన్నడూ ఓడ ప్రయాణం చేసింది లేదు. అయినా వీధంతా ఆమెను కెప్టెన్ అనే పిలిచేది. బాబాయి పాత ఓడలు కోసే యార్డులో గ్యాస్ కట్టర్. అక్కడి పనివాళ్ళందరి ఇళ్ళల్లాగే వాళ్ళింట్లోనూ సగం సామాను ఓడలదే. స్నానాలగదికి ఇనుప తలుపు, మోకాలెత్తు గడప. దాన్ని తన్నుకుని పడని చుట్టం లేడు. పిన్ని ముందు కడుపుబ్బా నవ్వి, ఆ తరవాత లేవదీసేది.

ఆమె ప్రాణమంతా వంటింటి కిటికీ మీదే. గుండ్రటి ఇత్తడి చట్రం, బొటనవేలంత మందాన అద్దం. పెళ్ళైన కొత్తలో ఒక సరుకుల ఓడ నుంచి బాబాయి తెచ్చిపెట్టాడు. ఆ ఓడ విప్పడం మొదలెట్టగానే ఏదో కోర్టు గొడవొచ్చి, ఏళ్ళ తరబడి ఒడ్డునే పడి ఉంది. చివరికి దాన్ని కొయ్యకుండా బాగుచేసి జనానికి చూపించాలని తేల్చారు. ఊడదీసిన కిటికీలన్నీ వెతికి పట్టుకున్నారు, ఒక్కటి తప్ప.

మరమ్మతు మేస్త్రీ ఇంటికే వచ్చాడు.

"కొత్తది చేయిస్తే అతికినట్టుండదమ్మా. మీదే కావాలి."

"నా వంటింటికి బొక్కపెట్టి మీ ఓడకి సోకులు చేస్తారా? కుదరదు!"

బాబాయి పేపరు చాటున దాక్కున్నాడు.

అక్కడితో ఊరుకుంటే ఆమె మా పిన్ని ఎందుకవుతుంది? అందరినీ నిలబెట్టి దులిపేద్దామని మర్నాడు నన్ను వెంటేసుకుని ఓడ దగ్గరికే బయల్దేరింది. కొత్త రంగుతో ఓడ నిగనిగలాడుతోంది. వరసగా గుండ్రటి కిటికీలు, మధ్యలో ఒక్కచోట మాత్రం చెక్క కొట్టి ఉంది. పిన్ని దాన్ని చాలాసేపు చూసింది.

"రేపొచ్చి పట్టుకెళ్ళండి," అంది మేస్త్రీతో.

దారి పొడుగునా ఏడ్చింది. ఇంటికెళ్ళి, "అసలు దాన్ని ఎవరు తెమ్మన్నారు మిమ్మల్ని?" అని బాబాయిని కడిగిపారేసింది.

ఓడ తెరిచిన రోజు అందరం వెళ్ళాం. పిన్ని తిన్నగా తన కిటికీ దగ్గరికెళ్ళి, అరచేత్తో అద్దాన్ని బయటికి నెట్టింది. కదల్లేదు.

"అప్పుడే పాడుచేశారా!"

"ఓడ కిటికీ లోపలికి తెరుచుకుంటుందమ్మా, లాగండి," అన్నాడు మేస్త్రీ.

ఇంట్లో పొయ్యికి అడ్డమొస్తుందని బాబాయి దాన్ని తిరగేసి, బయటికి తెరుచుకునేలా బిగించాడు. మాకు అదే సరైన పద్ధతైపోయింది.

లాగింది. గాలి మొహాన కొట్టింది. కనుచూపుమేరా సముద్రమే. పిన్ని చిన్నపిల్లలా పకపకా నవ్వింది. ఆమెను చూసి నాకూ పట్టరాని సంతోషమేసింది. నవ్వుతూనే బాబాయి వైపు తిరిగింది.

"పాపం, ఇన్నేళ్ళూ దీనికి పక్కింటి గోడ చూపించామండీ!"