ఆదివారం కూడా తగ్గని నొప్పి

2023 ఫిబ్రవరి. ఫార్మసీ చదువు ముగించి, మార్టూరు బస్టాండు దగ్గర ఒక మందుల షాపులో చేరిన తొలి ఏడాది. అడిగింది ఇచ్చి పంపడమే తప్ప ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. మిర్చి కోతలు జోరు మీదున్నాయి. ఆ రోజుల్లో మా షాపులో నొప్పి బిళ్ళలే ఎక్కువగా పోతాయి. కూలీలు ఎవరికి వారు కొనుక్కోరు. సాయంత్రం చేల నుంచి వస్తూ, వాళ్ళని కూడగట్టి పనికి తీసుకెళ్ళే ముఠా మేస్త్రి అందరికీ కలిపి కొంటుంది, ఆటోలోనే తలా ఒకటి పంచుతుంది. ఎవరికి ఏ జబ్బుందో మాకు తెలిసే వీలుండదు.

ఎస్తేరమ్మ అలాంటి మేస్త్రి. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది. తన కోసం కొలెస్ట్రాల్ బిళ్ళలు కూడా మా దగ్గరే తీసుకునేది. వీటిని స్టాటిన్లు అంటారు. ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు గానీ, అరుదుగా కొందరికి కండరాలు దెబ్బతింటాయి. ఆమెకి ఈమధ్యే డోసు పెంచారు.

ఆ సాయంత్రం ఎప్పటికన్నా ఎక్కువ బిళ్ళలు అడిగింది. తనకి ఒకటి చాలడం లేదట, తొడలూ భుజాలూ పీకేస్తున్నాయట. వంగి కాయ కోసేవాళ్ళకి నడుమూ వేళ్ళూ నొప్పి పుడతాయి. ఈమె గట్టున నిలబడి పని చేయించే మనిషి. నాకు అనుమానం వచ్చింది.

"ఆదివారం పనికి పోవుగా పిన్నీ, ఆ రోజు తగ్గుద్దా?"

"ఏం తగ్గుద్ది? మొన్న చర్చిలో చాప మీద నుంచి లేవలేకపోతే ఇద్దరు పట్టుకుని లేపారు."

గొంతు తగ్గించి మూత్రం ఏ రంగులో వస్తోందని అడిగాను. పక్కన మగవాళ్ళున్నారు, అడగడానికి నాకే మొహమాటమేసింది. ఆమె కూడా గొంతు తగ్గించి, "టీ డికాషన్ లాగా పోతంది. ఎండకనుకున్నా," అంది.

కండరం చితికి, అందులోని పదార్థం కిడ్నీల్లోకి చేరినప్పుడు అలాంటి రంగు రావచ్చు. ఇబుప్రొఫెన్ లాంటి బిళ్ళలు ఆ నొప్పిని తెలియనివ్వవు, పైగా అవే కిడ్నీలకి ఇంకో దెబ్బ. తీసిన అట్టలు వెనక్కి పెట్టేశాను.

"ఇవి ఇవ్వను పిన్నీ. ఇప్పుడే ఆసుపత్రికి పో."

"మూగపిల్లకి మాటలొచ్చినయ్యే," అంది ఆటోలోని ఆడవాళ్ళకి వినపడేలా. వాళ్ళు నవ్వారు. "రేపటికి కోత ఒప్పుకున్నా. నువ్వొచ్చి కోస్తావా?"

"కిడ్నీలు పోతే ఏ కోతకీ పోలేవు," అన్నాను.

నవ్వులు ఆగాయి. ఆమె ఎదుటే, ఆ స్టాటిన్ రాసిన డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆ బిళ్ళ ఆపేసి వెంటనే ఒంగోలు పంపమన్నారు. అదే ఆటో ఆమెని తీసుకెళ్ళింది.

సీకే అనే రక్తపరీక్షలో కండరాల దెబ్బ బయటపడింది. సెలైన్లు ఎక్కించారు. కిడ్నీలు కోలుకున్నాయి, కొలెస్ట్రాల్‌కి వేరే రకం మందు ఇచ్చారు.

కోతల చివర్లో ఎస్తేరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి బిళ్ళలు తను కొనలేదు. ఆడవాళ్ళందరినీ ఆటో దింపి నా ముందు నిలబెట్టింది. "ఈ పిల్ల అడిగినవన్నీ చెప్పి తీసుకోండే. సిగ్గుపడబాకండి," అంది.

నా పాఠాల్లో కండరాల నొప్పి ఉంది గానీ ఆదివారం లేదు. నొప్పి బిళ్ళ అడిగినవాళ్ళని ఇంకేం మందులు వాడుతున్నారని, పని లేని రోజున నొప్పి తగ్గుతుందా అని ఇప్పుడు తప్పకుండా అడుగుతాను. అడిగినందువల్ల ఒక మనిషి తన కాళ్ళ మీద తను నడిచి మళ్ళీ చేలోకి వెళ్ళింది. అది నా పనే అని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.