అనంతగిరికి వెళ్ళిన డబ్బా పొయ్యి

కొండలెక్కడానికి వెళ్తున్న మనవడు నిన్న అరచేతిలో ఇమిడే గ్యాస్ పొయ్యి ఒకటి కొని తెచ్చి, వంటింటి గట్టు మీద వెలిగించి చూపించాడు. బుస్సుమని నీలి మంట లేచింది. ఆ చప్పుడుకి నా చెయ్యి దానంతటదే చీర కొంగును వెనక్కి లాక్కుంది. వెంటనే సులోచనక్క గుర్తొచ్చింది.

అరవైల్లో నేను గుడివాడ నుంచి వచ్చి నాంపల్లిలో ఒక ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. సులోచనక్క అక్కడ సీనియర్ టీచరు, పాత హైదరాబాదు మనిషి. ఆ ఏడు పిల్లల్ని అనంతగిరి కొండకి క్యాంపు తీసుకెళ్ళాలని ఆమె పట్టుదల. వండడానికి మగవాళ్ళు వచ్చేటట్టయితే మా పిల్లల్ని పంపేది లేదన్నారు తల్లిదండ్రులు. వంట ఏర్పాటు లేకపోతే క్యాంపే వద్దన్నారు బడి పెద్దలు. "అయితే మనమే వండుదం," అని అక్క నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్‌లో స్టవ్వుల దుకాణానికి బయల్దేరింది.

దుకాణదారు ఇత్తడి పంపు స్టవ్వు వెలిగించాడు. మంట హోరుమనగానే నేను గుమ్మం దాకా వెనక్కి నడిచాను. బయటికొచ్చాక అక్క, "ఏంది పార్వతీ, దేనికి భయం?" అని అడిగింది. చిన్నప్పుడు అలాంటి స్టవ్వే ఒరిగి మా పిన్ని చెయ్యి కాలిందని చెప్పాను. "నన్ను వదిలేయండి అక్కా. ధైర్యమున్నవాళ్ళని తీసుకెళ్ళండి."

"ధైర్యమున్నోళ్ళు ఏదో ఒకటి కొంటరు. నువ్వైతే జర చూసి ఎంచుతవ్. పొయ్యి ఎట్లుండాల్నో నువ్వే చెప్పు."

వేళాకోళమేమోనని ఆమె ముఖం చూశాను. కాదు. ఒరగకూడదు, పేలకూడదు, పిల్లల పరికిణీలకి మంట అందకూడదు అన్నాను. మాట్లాడుకుంటూ నాంపల్లి స్టేషను దగ్గరికొచ్చేసరికి, అలాంటిది కొనడం కాదు, చేసుకోవాలని తేలింది.

బడి మేడ మీద కూర్చుని ఒక ఖాళీ నూనె డబ్బా పైభాగం కోసేశాం. కింద పుల్లలు పెట్టడానికి కిటికీ, వెనక పొగ పోవడానికి కన్నాలు. గిన్నె నిలవడానికి ఇనుప చువ్వలు దూర్చాం. తీరా వెలిగించి చూస్తే గాలికి డబ్బా ఊగింది. అడుగున మట్టి నింపుదామన్నది నేనే. "గట్ల చెప్పు," అంటూ అక్క మసి చేత్తోనే నా వీపు చరిచింది.

అనంతగిరిలో సాయంత్రం గాలి గట్టిగా లేచింది. డబ్బాలో పుల్లలు చిటపటమంటూ మండుతూనే ఉన్నాయి, పైన కిచిడీ ఉడుకుతోంది. అంతలో ఆటలో పరిగెత్తుతూ వచ్చి ఒక పిల్ల డబ్బాకి తగిలింది. డబ్బా కదిలింది గానీ ఒరగలేదు. గిన్నె మూత ఒక్కటే కింద పడింది. పిల్లని పక్కకి లాగి, దెబ్బేమీ తగల్లేదని చూసుకుని, ఆ మంట దగ్గరే కూర్చుని మళ్ళీ గరిటె అందుకున్నాను. పిల్లలు గిన్నె అడుగు దాకా తిన్నారు.

"వచ్చే ఏడు వీళ్ళని నువ్వే తీస్కపోతవ్," అంది అక్క. తీసుకెళ్ళాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేనే తీసుకెళ్ళాను.

అక్క ఇప్పుడు లేదు. ధైర్యమున్నవాళ్ళని తీసుకెళ్ళండి అన్న మాట మాత్రం మళ్ళీ నా నోటి వెంట రాలేదు. నేను హెడ్మిస్ట్రెస్‌నయ్యాక కొత్తగా చేరిన సైన్సు టీచరు ఒకామె, యాసిడ్ సీసాలు చూస్తే వణుకొస్తోంది, నన్ను ల్యాబు నుంచి తప్పించండి అని వచ్చింది. కూర్చోబెట్టి, దేనికి భయమో చెప్పమన్నాను. అంతా విన్నాక, ఏ సీసా ఎక్కడుండాలో నువ్వే నిర్ణయించమ్మా అన్నాను. ఆమె లేచి, ల్యాబు తాళాలు అడిగింది.