గోలుకు రెండో గుంజ

బుధ్రా మొండి ఘటం. కాకపోతే బాసగూడ అడవుల్లో ఫుట్‌బాల్ క్లబ్బు పెడతాడా? చిన్నప్పుడు ఊరు తగలబడితే తల్లి వెంట భద్రాచలం వైపు పారిపోయాడు. అక్కడ మిరపతోటల్లో కూలి చేస్తూ, హాస్టలు పిల్లలతో బంతి తన్నడం నేర్చాడు. తిరిగొచ్చాక తన చేను పక్క మెరకలో రాళ్లేరి, నాలుగు మద్ది గుంజలు పాతాడు. గెలిచిన జట్టుకు మేకపోతు. కూర మాత్రం రెండు జట్లూ కలిసే తినాలి. అదీ క్లబ్బు కట్టడి.

ఇంతలో ఊరి పక్కన పోలీసు క్యాంపు వెలిసింది. ఒకరోజు జవాన్లు పచ్చ జెర్సీల మూట తెచ్చి పంచారు. కొత్త బట్ట ఎవరికి చేదు? బుధ్రా కూడా తొడుక్కుని, చెలమలో నీడ చూసుకుని మురిశాడు, పిచ్చిమారాజు.

సంతరోజు అడవిలోంచి అన్నలు దిగారు. చింతపండు అమ్ముతున్న బుధ్రాను జుట్టు పట్టి మైదానానికి ఈడ్చుకుపోయారు.

"ఈ అంగీలు ఎవరిచ్చిండ్రురా? వాళ్లకేం చెప్పి తెచ్చుకున్నవ్?"

"ఏం చెప్పలే దాదా. బంతాడుకునేటోళ్లం, మాకేం ఎరుక?"

గోలు గుంజ ఒకటి పెరికి, దానితోనే కొట్టారు. మోకాలు చిట్లింది, గుంజ కూడా విరిగింది. జెర్సీలన్నీ కుప్పపోసి తగలబెట్టారు. మళ్లీ అలాంటివి వేస్తే ప్రాణం తీస్తామని చెప్పి పోయారు.

అంతటితో అయిందా? ఎక్కడ! రెండ్రోజులు తిరక్కుండానే జవాన్లు ఇంటికొచ్చారు.

"అరే, జెర్సీ కహాఁ గయీ?"

"కాలిపోయినయ్ సార్."

"కాలిపోయాయా, అడవిలోవాళ్లకిచ్చావా?"

మంచంలో ఉన్నవాణ్ణి కింద పడేసి బూట్లతో డొక్కలో తన్నారు. అతని భార్య, పేరు కోసే, అడ్డం పడితే ఆమె పెదవి చీలింది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ బతుకైంది పాపం!

"ఆ ముదనష్టపు బంతిని పొయ్యిల పెట్టు," అని కోసే ఏడ్చింది. "ముందు మనిషివి మిగలాలె గద!"

ఆదివారం పక్కూరు తర్రెం జట్టుతో పోటీ. ఈసారి ఆడకపోతే ఇక ఎవడూ మైదానంలో కాలు పెట్టడని, క్లబ్బు అక్కడితో చచ్చిపోతుందని బుధ్రా భయం. చావు భయం కన్నా అదే పెద్దదైంది.

జట్టులో పెద్దవాడు మాసా గుమ్మంలోకి వచ్చాడు. "ఏం ఏసుకొని ఆడాలె, కాకా?"

"ఏం ఏసుకోకుండ్రి. ఒంటికి పొయ్యిల బూడిద పూసుకోండ్రి. బూడిద ఎవరిచ్చిండ్రని ఏ నాకొడుకు అడుగుతడో చూద్దాం."

ఆడారు. బూడిద ఒళ్లు ఒక జట్టు, ఉత్త ఒళ్లు ఒక జట్టు. కానీ గుంజలు మూడే మిగిలాయి. నాలుగోదాని గుంతలో బుధ్రా తన ఊతకర్ర పాతి, దానికి ఆనుకుని తనే గుంజై నిలబడ్డాడు. కోసే తిట్టినా వినలేదు. చెప్పాగా, మొండి ఘటమని.

ఆట చివర్లో తర్రెం కుర్రాడు బలంగా తన్నిన బంతి సూటిగా వచ్చి ఆ దెబ్బతిన్న డొక్కలోనే తగిలి, వెనక్కి ఎగిరింది. బుధ్రా కళ్లు బైర్లు కమ్మాయి. కాలు మాత్రం కదపలేదు. తన్నినవాడు ఏడుపుమొహంతో పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"ఏందిరా నిలబడ్డవ్? పో, ఆడు," అన్నాడు బుధ్రా, నోట్లో రక్తం పక్కకు ఉమ్మి. "గుంజకు తాకింది. గోలు గాదు."