భాస్కరరావు గారి అట్లాంటిక్ రేవు

భాస్కరరావు గారు ఇక లేరన్న దుర్వార్త ఆయన కూతురు సునంద ఫోన్లో చెప్పినప్పుడు నేను వన్-నార్త్‌లోని మా ఆఫీసు మీటింగులో ఉన్నాను. నమ్మలేదు. మొన్న ఆదివారమే కదా, టోవా పాయో హాకర్ సెంటర్లో, ఆ తిండి దుకాణాల మధ్య కూర్చుని నా ప్లేటులోంచి వడ తీసుకుని తిన్నారు! శీతల గిడ్డంగుల నిర్మాణంలో నాకు ఓనమాలు దిద్దించిన గురువు ఆయన.

ఆయనను ఎరిగిన వారందరికీ ఆయన రేవు కూడా తెలుసు. పుట్టిన కాకినాడ కాదు. ఐర్లాండ్ పడమటి తీరాన, అట్లాంటిక్ ఒడ్డున ఒక చిన్న పట్నం. యౌవనంలో కంపెనీ పంపగా అక్కడి ఐసు ఫ్యాక్టరీ నడపడానికి వెళ్ళి, ఏళ్ళ తరబడి ఉండిపోయారు; ఇక్కడికి వచ్చింది ఆ తర్వాతే. దాని చరిత్ర ఆయనకు కంఠస్థం. ఒకప్పుడు ఉప్పుచేపల పీపాలు ఓడలెక్కి దేశదేశాలకు వెళ్ళేవి. చేపల కోసమే రైలు వచ్చింది. చేపలు తగ్గిపోయాక రైలూ పోయింది. పెద్ద ఓడలు లోతైన రేవులను వెతుక్కున్నాయి. ఇప్పుడు వేసవి యాత్రికులే ఊరికి ప్రధానాధారం. ఇదంతా చెప్తుంటే మనవడు ఇక్కడి పిల్లల ఇంగ్లీషు యాసలో, "ఇనఫ్ లా తాతా, మళ్ళీ అదే స్టోరీ!" అనేవాడు. "నువ్వు తినే ఫిష్‌బాల్ ఆకాశంలోంచి ఊడిపడిందేంట్రా? నోర్మూసుకుని విను" అని గద్దించేవారు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఊరి మనిషి పోతే, ఖననం రోజున ఒక్క బోటూ వేటకు వెళ్ళదు. చేరిన కొత్తలో ఆయనకది తెలియదు. బోట్లు ఖాళీగా ఉన్నాయి కదా, రేపటికి ఐసు సిద్ధం చేస్తే అందరూ మెచ్చుకుంటారని మిషన్లన్నీ జోరుగా తిప్పారట! అవతల చర్చిలో ప్రార్థన, ఇవతల ధనధనా ఐసు దిమ్మల చప్పుడు. పోయినవాడి భార్యే స్వయంగా వచ్చి, "ఇవాళ మేం సంపాదించుకోం బాబూ" అని చెప్పి వెళ్ళింది. "తిట్టినా బాగుండేది, సిగ్గుతో చచ్చాననుకో" అనేవారు.

ఆనాటి నుంచి రేవుల ఆర్థికస్థితిని చూసే ఆయన దృష్టే మారిపోయింది. "ఊరు ఏ రోజు సంపాదన వద్దనుకుంటుందో చూడమ్మాయ్. అప్పుడు తెలుస్తుంది, అది బతికుందో లేదో" అని నాకు బోధించేవారు. దాన్ని ఎక్సెల్‌లో ఏ గడిలో వెయ్యాలి అంకుల్ అని నేను వేళాకోళం చేసేదాన్ని.

ఒక్క చింత మాత్రం ఆయనను వదలలేదు. ఆ చివరి ఆదివారం కూడా అడిగారు.

"నేను పోతే అక్కడ ఒక్క బోటన్నా ఆగుతుందంటావా?"

"ఎందుకాగదు అంకుల్?"

"ఏమోనే, ఎంతైనా పరాయివాణ్ణి. ఐసు మిషన్ ఎప్పుడాపాలో తెలియని వెధవని."

ఆయన నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు.

దహనానికి ముందే సునంద ఆ ఊరికి కబురు పంపింది. అంతా ముగిసి, ఇంటికొచ్చి స్నానాలు చేశాక జవాబు వచ్చింది. ఆమె చదవలేక ఫోన్ నా చేతికిచ్చింది.

"ఉన్న కాసిని వేటబోట్లూ కట్టేశాం. యాత్రికుల పడవలు కూడా కదల్లేదు. మీ నాన్నగారు నడిపిన ఐసు ఫ్యాక్టరీ కూడా ఆపేశాం."

బావురుమన్నాను. శీతలీకరణ శాస్త్రం చెప్పేవారు మాకింకా దొరుకుతారు. ఎప్పుడు ఆగాలో చెప్పే మహానుభావుడు మరి దొరకడు. మీ రేవు మిమ్మల్ని తనవాడనే అంది అంకుల్. ఈ ఒక్క మాట వినడానికైనా ఇంకొక్క రోజు ఉండకపోయారా!