పసుపు పెట్టిన లెహంగా

2023 వేసవి. రాజమండ్రి దానవాయిపేటలో నాది ఆల్టరేషన్ షాపు. కొత్తవి కుట్టడం తక్కువ, కొన్న బట్టలను ఒంటికి సరిపడేలా దిద్దడం ఎక్కువ. మా ఇంటికి ఒకప్పుడు బనారసు నుంచి పట్టు తానులు దిగేవి. ఆస్తులు నాన్నగారి హయాంలోనే పోయాయి. పట్టు అసలుదో కాదో వేళ్లతో తడిమి చెప్పే నేర్పు మాత్రం నాకు మిగిలిందని గర్వపడేవాణ్ణి.

ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు గుమస్తా సుజాత గారు ఒక లెహంగా తెచ్చారు. పేరున్న డిజైనర్‌ది, ఆన్‌లైన్‌లో మూడో వంతు ధరకే దొరికిందట. తన నిశ్చితార్థం బట్టలు తన సంపాదనతోనే కొనుక్కోవాలని ఏడాదిపాటు జీతంలో దాచుకున్నారు. నడుము కాస్త వదులు చేయాలి. వాపసుకు ఇంకా నాలుగు రోజుల గడువుంది కనుక, ముందు అసలుదో కాదో చెప్పమన్నారు.

నడుము పట్టీ మీది లేబుల్ చూశాను. అంచును వేళ్ల మధ్య నలిపాను. "పట్టేనండి. నిశ్చింతగా ఉండండి" అని, చేతిలో పని ఎక్కువగా ఉండడంతో రెండు రోజులాగి తెమ్మన్నాను.

మళ్లీ తెచ్చినప్పుడు నడుము విప్పడానికి లెహంగాను తిరగేశాను. ఖరీదైన బట్టకు కుట్టు లోపల అంగుళమైనా గుడ్డ వదులుతారు. దాన్నే మార్జిన్ అంటాం. తర్వాత వదులు చేసుకోవడానికి అదే ఆధారం. ఇందులో గోరంత కూడా లేదు. చేత్తో చేసిన జర్దోసీ జరీ పనికి వెనక ముళ్లు, దారం తిరిగిన జాడలు కనిపించాలి. ఇక్కడున్నది మిషన్ దారం, దాని కింద అతికించిన కాగితం. లోపలి నుంచి ఒక పోగు లాగి వెలిగించాను. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడిపొడిగా రాలుతుంది. ఇది కరిగి గట్టి పూసైంది.

"క్షమించండి. నేను చెప్పింది తప్పు. ఇది నకిలీ" అన్నాను.

ఆమె లెహంగా అంచు చూపించారు. పసుపు. కొత్త బట్టకు పసుపు పెట్టనిదే వాళ్లమ్మగారు ఒంటికి తగలనివ్వరట. మరక ఉంటే వాపసు తీసుకోబోమని సైట్‌లో స్పష్టంగా రాసి ఉంది.

"మీరన్నారనే కదండీ అమ్మ పెట్టింది." ఆమె కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. "పోనీ, ఆ అంచు కత్తిరించి మడిచి కుట్టేయండి. వాళ్లకేం తెలుస్తుంది?"

"తెలియదండి. కానీ మోసాన్ని నిలదీస్తూ మనమూ ఒకటి దాచిపెడితే ఎలాగండి?"

కుట్లు, పని వెనక వైపు, కాలిన పోగు, చివరికి ఆ పసుపు కూడా ఫొటోలు తీశాం. నచ్చక తిప్పి పంపడం కాదు, ఇది నకిలీ సరుకు మీద ఫిర్యాదు అని సైట్‌వారికి రాశాను. పసుపు ఎందుకు పెడతామో వివరించాను. మొదట తిరగేసి చూడకుండా అసలుదని చెప్పిన పొరపాటు నాదేనన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగి, చివరికి రాశాను. కింద, ఒకప్పుడు పట్టు తానులు దిగిన మా ఇంటిపేరుతో సహా సంతకం చేశాను.

"షాపు బోర్డు మీద కూడా లేని ఇంటిపేరు ఇక్కడెందుకండీ?" అని సుజాత గారు చిన్నగా నవ్వారు.

వారం తిరక్కుండా డబ్బు వెనక్కి వచ్చింది. దానితో ఆమె మంచి పట్టు కొని తెచ్చారు. నిశ్చితార్థం లెహంగా నేనే కుట్టాను. మార్జిన్ ధారాళంగా వదిలాను.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఇదే. ఆన్‌లైన్‌లో కొన్న బట్టకు పసుపు పెట్టేముందు ఒకసారి తిరగేయండి. నన్ను అడిగినా సరే, తిరగేయకుండా జవాబు చెబితే నమ్మకండి.