తేరు ఆగిన వాకిళ్లు

ఫాదర్ రాని ఆదివారాల్లో మా ఊరి చర్చి తలుపు తీసి ప్రార్థన చెప్పించే పెద్దాయనను ఉపదేశి తాత అనేవాళ్లం. ఏటా జూన్‌లో పునీత అంతోనివారి పండుగనాడు ఆ పునీతుని స్వరూపాన్ని తేరులో పెట్టి, భుజాల మీద వీధివీధీ ఊరేగిస్తాం. తేరు తమ ఇంటి ముందుకు రాగానే ప్రతి ఇంటివాళ్లూ దాని మీద గుప్పెడు బొరుగులు చల్లి దండం పెడతారు.

వానల్లేక సగం ఊరు బెంగళూరు పనులకు పోయింది. అయినా తాత, తాళం వేసిన ప్రతి వాకిలి ముందూ తేరు ఆపించేవాడు. తువ్వాలు మూటలోంచి తన బొరుగులు చల్లి, "వీళ్లు ఈడ లేరు సామీ, పనికి పోయినారు" అని చెప్పేవాడు.

తేరు మోసేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఒక ఏడు ఎండకు ఓర్చుకోలేక అరిచాను.

"ఏం తాతా, ఖాళీ ఇండ్లకాడ నిలబెడితే మా భుజాలు పడిపోతాండాయి. వాళ్లు లేని సంగతి సామికి తెలీదా?"

ఆయన కోప్పడలేదు. "తెలుసులేప్పా. అయినా మనూరోళ్ల సంగతి మనమే కదా చెప్పల్ల" అన్నాడు.

ఈ ఎండాకాలంలో తాత చనిపోయాడు. పండుగనాటికి ఆయన వాకిలికీ తాళమే. ఎవరూ చెప్పకుండానే అక్కడ తేరు ఆగింది. పొద్దున ఇంట్లో జేబులో పోసుకున్న బొరుగులు తీసి, ఒంటి చేత్తో చల్లాను.

"ఉపదేశి తాత ఈడ లేడు సామీ..."

మిగతా మాటను నా వెనక మోస్తున్నవాడు అందుకున్నాడు.

"పనికి పోయినాడు."